20 సెట్లు, 700 ముక్కలు: మన బట్టను కొలిచిన పుస్తకాల కథ

1866లో లండన్‌లోని ఇండియా ఆఫీసు 18 సంపుటాల పుస్తకం ఒకటి తయారు చేయించింది. ఇది చదువుకునే పుస్తకం కాదు, తడిమి చూసుకునే పుస్తకం. పుట తిప్పితే అక్షరాల చోట గుడ్డ ముక్క కనిపిస్తుంది. అచ్చంగా మన మగ్గం మీద నేసిన చీర ముక్క, తలపాగా ముక్క, లుంగీ, మల్లు, పట్టు, జరీ. మొత్తం 700 ముక్కలు. ఇలాంటి సెట్లు 20 చేశారు కాబట్టి 14,000 ముక్కలు. దీని వెనకున్న మనిషి జాన్ ఫోర్బ్స్ వాట్సన్. స్కాట్లండ్‌కు చెందిన డాక్టరు. బొంబాయి సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత లండన్‌లో ఇండియా మ్యూజియం బాధ్యత చూసుకున్నాడు. అదే ఏడాది ఈ ముక్కలకు తోడుగా భారతీయుల నేతబట్టలు, వేషధారణల మీద బొమ్మలతో ఒక పెద్ద గ్రంథం కూడా రాశాడు.

హైదరాబాద్ శివారు జల్‌పల్లిలోనో షాహీన్‌నగర్‌లోనో పెళ్లి బ్లౌజుకు మగ్గం వర్క్ ఇచ్చి, ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూసే మనిషికి ఈ పాత పుస్తకాలతో ఏం పని? ఒక పని ఉంది. బట్టల వ్యాపారంలో బొమ్మ ఎటు నుంచి ఎటు వెళ్తోందో కనిపెడితే డబ్బు ఎటు వెళ్తోందో తెలిసిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దారి ఐరోపా, అమెరికాల్లో ఒకలా, మన దగ్గర సరిగ్గా తిరగబడి ఉంది.

ముందు అక్కడి సంగతి. లండన్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1809 నుంచి 1829 దాకా ఒక పత్రిక నడిపాడు. తొలి ఏళ్లలో అందులో ఫ్యాషన్ బొమ్మతో పాటు అసలు గుడ్డ ముక్కలు కూడా అతికించి పంపేవాడు. చదివే ఆడవాళ్లు ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసుకుని, దర్జీకి బొమ్మ చూపించి, అలాంటిదే కుట్టించుకోవాలన్నది ఆలోచన. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి 1830లో మొదలైన ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రిక 1860 నాటికి దాదాపు లక్షన్నర ప్రతులు అమ్ముడయ్యేది. దాని ఫ్యాషన్ ప్లేట్లకు చేత్తో రంగులు వేయడానికి 150 మంది ఆడవాళ్లను పెట్టుకున్నారు. పారిస్‌లో కోలాన్ కుటుంబానికి చెందిన అక్కాచెల్లెళ్లు, వారిలో అనాయిస్ టూడూజ్ బాగా పేరున్నావిడ, జీవితమంతా ఇలాంటి ప్లేట్లే గీశారు. గౌను మడత ఎక్కడ పడాలి, చేతి అంచున లేసు ఎన్ని వరుసలు, టోపీ ఏ వైపుకు వంగాలి, అన్నీ ఆ గీతలే చెప్పేవి. బొమ్మ అమ్మేవాడి దగ్గర బయల్దేరి కొనేవాళ్ల ఇంటికి చేరేది. రేపు మీరు కట్టుకోవలసింది ఇదీ అని చెప్పడమే దాని పని.

వాట్సన్ బొమ్మలు, ముక్కలు ఇందుకు ఎదురు దిక్కున నడిచాయి. నెల్లూరు మనిషికి, హైదరాబాద్ మనిషికి ఏం కట్టుకోవాలో అవి చెప్పలేదు. వాళ్లు ఇప్పటికే ఏం కడుతున్నారో మాంచెస్టర్ మిల్లు యజమానికి చెప్పాయి. కట్టుకునేవాడి ఒంటి మీద నుంచి అమ్మేవాడి బల్ల మీదకు వెళ్లాయి. అందుకే వీటిని ఫ్యాషన్ పుస్తకాలు అనడానికి నాకు మనసొప్పదు. మార్కెట్ సర్వే అంటే సరిపోతుంది. కాకపోతే ఇంత అందమైన సర్వే అరుదు.

అసలీ సర్వే అవసరం ఎందుకొచ్చింది? రమేశ్ చంద్ర దత్ తన ఆర్థిక చరిత్రలో ఇచ్చిన లెక్కలు చూడండి. 1814లో బ్రిటన్ నుంచి భారతదేశానికి వచ్చిన నూలు బట్ట 8,18,208 గజాలు. 1835 నాటికి 5,17,77,277 గజాలు. ఇరవై ఒక్క ఏళ్లలో 63 రెట్లు. అదే కాలంలో ఇక్కడి నుంచి బ్రిటన్ వెళ్లిన బట్టల తానులు 12,66,608 నుంచి 3,06,086కు పడిపోయాయి. నాలుగు తానులు పోయే చోట ఒకటి మిగిలింది. ఆ తర్వాత వేగం ఇంకా పెరిగింది. 1840లో సుమారు 14.5 కోట్ల గజాలు, 1860లో సుమారు 82.5 కోట్లు, 1880లో 181 కోట్లు దాటింది.

ఈ అంకెలు చూసి, 1866 నాటికే మన బజారంతా వాళ్ల చేతిలోకి పోయిందనుకుంటాం. తలసరి లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వాట్సన్ అప్పటి జనాభాను దాదాపు 20 కోట్లుగా లెక్కపెట్టాడు. 82.5 కోట్ల గజాలను 20 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి నాలుగు గజాల చిల్లర. ఆరు గజాల చీరకు కూడా చాలదు. మిగతా గుడ్డంతా ఎక్కడిది? ఇక్కడి మగ్గాలదే. ఆ మిగతాది కూడా ఎలా పట్టుకోవాలన్నదే ఇండియా ఆఫీసు ప్రశ్న. ఇండియాలో మెజారిటీ జనం కట్టేది కొంచెమే అయినా, అందరికీ కట్టబెట్టే ఆర్డరు దొరికితే ప్రపంచంలో ఎంత పెద్ద పారిశ్రామిక దేశానికైనా చేతినిండా పనే అని వాట్సన్ తన గ్రంథం ఆరంభంలోనే లెక్క తేల్చాడు.

ఇంకో కారణం సమయం. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి సరిగ్గా అందలేదు. ప్రెస్టన్ లాంటి ఊళ్లలో మిల్లులు మూతపడి, కార్మికులు గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. యుద్ధం ముగిసింది, పత్తి మళ్లీ వచ్చింది, ఇక కావలసింది కొనేవాళ్లు. 1866లో ఈ పుస్తకాలు రావడం యాదృచ్ఛికం అనుకోలేం.

ఇప్పుడు ఒక్క పుట దగ్గరగా చూద్దాం. అట్టకు అంటించిన గుడ్డ ముక్క. దానికో నంబరు. కింద వివరం: ఏం బట్ట, పూర్తి పొడవు ఎంత, పన్నా ఎంత, బరువెంత, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు. తెలిసినంత మేరకు అన్నీ రాశారు. నేసినవాడి పేరు ఉండదు. ఈ వివరాల్లో మిల్లు యజమానికి అక్కర్లేనిది ఒక్కటీ లేదు. నమూనా ముక్కతో రంగు, నేత తెలుస్తాయి, పొడవు పన్నాలతో మర ఎలా అమర్చుకోవాలో తెలుస్తుంది, ధరతో ఎంతకు దిగి అమ్మితే మగ్గం చేతులెత్తేస్తుందో తెలుస్తుంది.

వాట్సన్ బట్టలను రెండు పెద్ద రకాలుగా విడగొట్టాడు. మగ్గం దిగగానే అలాగే కట్టుకునేవి ఒకటి: చీర, పంచె, తలపాగా, లుంగీ, ఉత్తరీయం. కత్తెర, సూది పడితేగానీ వంటి మీదికి రానివి రెండోది. ఈ విభజనలోనే వ్యాపార రహస్యమంతా ఉంది. రెండో రకానికి తానులు పంపితే చాలు, మిగతా పని దర్జీ చూసుకుంటాడు. మొదటి రకానికి తానులు పనికిరావు. చీరకు అంచు ఎక్కడ మొదలవ్వాలి, కొంగు ఎన్ని మూరలు, తలపాగా చివర జరీ ఎంత వెడల్పు, అన్నీ నేతలోనే పడాలి. ఒక్కటి తప్పినా ఆ చీర ఎవరూ కొనరు. బ్రిటిష్ మిల్లులు అప్పటిదాకా ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. కొలతలు తెలియక, రంగులు కుదరక, ఇక్కడి ఆడవాళ్లకు నచ్చని సరుకు పంపేవి.

అన్నట్టు, ఒకే బట్ట 20 సెట్లలోకీ వెళ్లాలంటే ఆ బట్టను కనీసం 20 ముక్కలు చేయాలి. మ్యూజియంలో పోగుచేసిన నిండు చీరలను, తలపాగాలను కత్తెర పెట్టి కోశారు. ఒక చీరకు ఒకే కొంగు. ఇరవై మందిలో ఆ కొంగు ఎవరికి దక్కినట్టు? మిగతా పందొమ్మిది మంది అంచునూ ఒంటినీ చూసి కొంగును ఊహించుకోవలసిందే. బట్టను సరుకుగా చూసే కళ్లకూ చీరగా చూసే కళ్లకూ తేడా ఇక్కడ పట్టుబడుతుంది.

వాట్సన్ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. ఇంగ్లండులో మరల మీద వడికిన సన్నని నూలు ఢాకా మస్లిన్‌ను దాటేసిందని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. వాట్సన్ నమ్మలేదు, కొలిపించాడు. సూక్ష్మదర్శిని కింద దారం మందం చూశారు, అంగుళానికి ఎన్ని పురులు పడ్డాయో లెక్కపెట్టారు. ఢాకా నూలు రెండు నమూనాల్లో 110.1, 80.7 పురులు తేలాయి. బ్రిటిష్ నూలులో 68.8, 56.6. దారం సన్నదనంలోనూ ఢాకాదే పైచేయి. మాంచెస్టర్‌కు సాయం చేయడానికి జీతం తీసుకుంటున్న మనిషి, మాంచెస్టర్ ఓడిందని అంకెలతో సహా అచ్చు వేయించాడు. అయితే ఆయన తేల్చిన వ్యాపార సలహా మాత్రం వేరు. చేతి నైపుణ్యంతో పోటీ పెట్టుకోవద్దు, జనం రోజూ కట్టే సాదా బట్ట మీద, చవక ధర మీద పడండి. జరిగిందీ అదే. మన తాతల కాలానికి గ్లాస్గో మల్లు పంచె పల్లెటూరి పెళ్లిళ్లలోకి కూడా వచ్చేసింది.

ఆ 20 సెట్లు ఎక్కడెక్కడికి పోయాయో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 13 బ్రిటన్‌లోనే ఉంచారు. లండన్, మాంచెస్టర్, సాల్ఫర్డ్, ప్రెస్టన్, లివర్‌పూల్, గ్లాస్గో, బెల్‌ఫాస్ట్ లాంటి మిల్లుల, రేవుల ఊళ్లకు. 7 భారతదేశానికి పంపారు. ఇక్కడి నేతగాళ్లు చూసి మురిసిపోతారని కాదు. కలకత్తాలో ఉన్న ఏజెంటు ఫలానా నంబరు ముక్కలాంటిది ఇన్ని వేల గజాలు పంపమని రాస్తే, మాంచెస్టర్‌లో అదే నంబరు పుట తెరిచి చూసుకోవచ్చు. సముద్రం అటూ ఇటూ ఒకే క్యాటలాగు.

ఆ ఏడింటి జాబితా: కలకత్తా, బొంబాయి, మద్రాసు, కరాచీ, వాయవ్య రాష్ట్రాలు, పంజాబు, బేరార్. హైదరాబాద్ పేరు లేదు. అది నిజాం రాజ్యం కాబట్టి లేదని సరిపెట్టుకోవచ్చు, కానీ చివరి పేరు దగ్గర ఆగండి. బేరార్ కాగితం మీద నిజాందే. సైన్యం ఖర్చుల బాకీ కింద 1853 ఒప్పందంతో దాన్ని ఈస్టిండియా కంపెనీ పాలనకు అప్పగించాల్సి వచ్చింది. నల్లరేగడి, పత్తి నేల. నిజాం రాజ్యంలో నమూనాల సెట్టు దక్కిన ఏకైక చోటు, నిజాం చేతుల్లోంచి జారిపోయిన పత్తి జిల్లాలే. పత్తి ఎక్కడ కొనాలో, బట్ట ఎక్కడ అమ్మాలో ఒకే బల్ల మీద తేల్చుకునేవారన్నమాట.

హైదరాబాద్ దక్కన్ బట్టలు మాత్రం సంపుటాల్లో ఉన్నాయి. సింధ్‌లో మరో హైదరాబాద్ ఉంది కాబట్టి కింద రాసిన వివరంలో ‘దక్కన్’ అన్న మాట చూసుకుని చదవాలి, లేకపోతే మనది కాని లుంగీకి మురిసిపోతాం. అప్పటి నిజాం రాజ్యం బట్టల్లో పేరెన్నికగన్నవి మష్రూ, హిమ్రూ. మష్రూలో పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి తగిలేవైపు నూలు ఉంటుంది. మగవాళ్లు పట్టు ఒంటికి తగలనివ్వకూడదని పాటించే ముస్లింలకు ఈ నేత దారి చూపింది. హిమ్రూకు ఔరంగాబాద్ పేరు. ఇలాంటి వాటిని మర మీద దింపడం అప్పట్లో ఖర్చుతో కూడిన పని. సాదా బట్ట సంగతి అలా కాదు. కంపెనీతో 1802లో చేసుకున్న వాణిజ్య ఒప్పందం ప్రకారం సుంకం 5 శాతమే. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు రావడంతో బొంబాయి రేవు సరుకు నేరుగా మూసీ ఒడ్డుకు చేరింది. మూడేళ్లకు, 1877లో, హైదరాబాద్‌లో తొలి నూలు మిల్లు వచ్చింది.

ఇంతకీ హైదరాబాద్ తన వేషాన్ని తాను బొమ్మ గీసుకోలేదా? గీసుకుంది, చాలా ముందే. నిజాం అలీఖాన్ దర్బారులో వెంకటాచలం అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన కుంచె కింద ఉమరావుల జామాలు (పొడవాటి అంగీలు), పటకాలు (నడికట్లు), తలపాగాల ముడులు విడివిడిగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న కర్క్‌పాట్రిక్ పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చినరీ గీసిన పటంలో ఆ పసివాళ్లు నిలువెల్లా హైదరాబాదీ దుస్తుల్లోనే ఉన్నారు. శతాబ్దం చివరికి ఆ పని కెమెరాకు మారింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటోలు తీసేది కూడా ఆడమనిషే. ఆయన స్టూడియో గాజు పలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. షేర్వానీ, దస్తార్ (తలపాగా), నడుముకు బగ్లూస్ (బెల్టు) ఎలా స్థిరపడ్డాయో చూడాలంటే అంతకు మించిన ఆధారం లేదు.

మహబూబ్ అలీఖాన్ పేరు చెప్పగానే హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా గుర్తొస్తుంది. రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు, 176 అడుగుల పొడవని చెప్తారు. తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదన్న కథ కూడా దాంతో పాటే తిరుగుతుంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఒక్క మనిషి బీరువాకు అంత చోటు పట్టిందంటే దాని వెనక ఎంతమంది దర్జీలు, జరీ పనివాళ్లు బతికి ఉంటారో లెక్క వేసుకోవచ్చు.

ఆ జరీ పని ఇప్పటికీ ఉంది. పురానీ హవేలీ నుంచి దక్షిణంగా సుమారు పది కిలోమీటర్లు వెళ్తే జల్‌పల్లి. పాతబస్తీ గల్లీల్లో అద్దెలు కట్టలేని కుటుంబాలతో పాటే పని కూడా ఇటు కదిలింది. ఇంటి ముందుగదిలో నాలుగు చెక్కల అడ్డా, దానికి బిగించి కట్టిన బట్ట, చుట్టూ కింద కూర్చున్న కారీగర్లు. సూది దిగే ముందు బట్ట మీద బొమ్మ పడాలి. ఆ బొమ్మ పేరు ఖాకా. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో పువ్వు, తీగ, మామిడి పిందె గీస్తారు. గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు, దగ్గర దగ్గరగా, కాగితం చిరగకుండా. దాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని గుడ్డ ఉండతో రుద్దుతారు. లేత రంగు బట్ట అయితే నీలం. కాగితం ఎత్తితే చుక్కల గీతల్లో బొమ్మ దిగి ఉంటుంది. కిరోసిన్ ఆరిపోతుంది, పొడి నిలుస్తుంది. ఆ చుక్కల మీదే కసబ్, సల్మా, డబ్కా అనే జరీ తీగలు, సితారా చమ్కీలు పడతాయి. ఒకే ఖాకాతో ఎన్ని బ్లౌజులైనా దింపొచ్చు. పాత ఖాకాలను చుట్టలుగా చుట్టి గోడకు వేలాడదీసే ఉస్తాద్‌లు ఉన్నారు.

పారిస్ ప్లేటు కొనేవాళ్ల కోసం గీసింది, వాట్సన్ పుట అమ్మేవాడి కోసం అతికించింది, ఖాకా పనివాడు తన కోసం గీసుకున్నది. బట్టల వ్యాపారం ఈ మూడో రకం గీతల మీద కూడా నడుస్తున్నా, చరిత్ర పుస్తకాల్లో దీనికి పేజీ దొరకదు. ఎందుకంటే కిరోసిన్ మరకల కాగితాన్ని ఎవరూ మ్యూజియానికి ఇవ్వరు, మ్యూజియమూ అడగదు. ఇప్పుడు బొమ్మ ఫోనులో వస్తోంది. ఎవరో నటి వేసుకున్న బ్లౌజు ఫొటో బొటీక్ నుంచి వాట్సాప్‌లో వస్తుంది, రెండ్రోజుల్లో అలాగే కావాలి. కారీగర్ ఆ ఫొటోను పెద్దది చేసి, గీత తీసి, ఖాకా పొడుస్తాడు. గీసిన చేతికి గీతకు వేరుగా డబ్బు పడదు, కుట్టిన పనిలోనే అదీ కలిసిపోతుంది. వాట్సన్ పుటలో నేతగాడి పేరు లేనట్టే, బొటీక్ చీటీలో కారీగర్ పేరు ఉండదు. నూటయాభై ఏళ్లలో మారని అంశం ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

వాట్సన్ సెట్లలో ఒకటి ఇంగ్లండులోని ప్రెస్టన్ హ్యారిస్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని పుటలను ఫొటోలు తీసి డిజిటల్‌గా మార్చారు కూడా. మన చేనేత శాఖ తలచుకుంటే అందులోని దక్కన్, తెలుగు జిల్లాల ముక్కల ఫొటోలు తెప్పించి పోచంపల్లిలో, గద్వాలలో, పురానీ హవేలీలో పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. వాటితో పాటు జల్‌పల్లి ఉస్తాద్‌ల దగ్గరి పాత ఖాకాలు కొన్ని, గీసినవాళ్ల పేర్లతో సహా కొని పెడితే ఇంకా మంచిది.

ఈలోగా పాఠకులకో విన్నపం. ఇంట్లో అమ్మమ్మదో నానమ్మదో పాత చీర ఉంటే దిండు గలీబులకూ లంగాలకూ కత్తిరించకండి. వాట్సన్ అడిగిన ప్రశ్నలే అడిగి ఒక కాగితం మీద రాసి చీర మడతలో పెట్టండి: పొడవెంత, పన్నా ఎంత, ఏ ఊళ్లో కొన్నారు, ఎంతకు కొన్నారు. ఆయన అడగని ప్రశ్న కూడా ఒకటి చేర్చండి, ఎవరు నేశారు అని.